మానేసినవాడు వార్త కాదు

గుంటూరు అరండల్‌పేటలో ‘తొలికూత’ దినపత్రిక కార్యాలయానికి మూడంతస్తులు ఉండేవి గానీ, పత్రిక నిజంగా తయారయ్యేది డాబా మీద. రెండో అంతస్తులోని ఏసీ గదిలో రోజూ మధ్యాహ్నం సంపాదక సమావేశం జరిగేది. అందరూ బుద్ధిగా నోట్సు రాసుకుని, బిస్కెట్లు తిని, తలలూపి లేచేవారు. ఆ తరవాత సిగరెట్టు అలవాటున్నవాళ్ళు డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు నీడన గుమిగూడి, రేపు మొదటి పేజీలో ఏం రావాలో, ఏ నాయకుడి ఫొటో ఎంత పెద్దది వెయ్యాలో, ఎవర్ని ఏ ఊరికి బదిలీ చెయ్యాలో తేల్చేవారు. సంపాదకులు కల్లూరి విశ్వంభరరావు గారు నడిమధ్యన నిలబడి పొగ వదులుతూ తీర్పులు చెప్పేవారు. పొగ తాగనివాడికి ఈ పత్రికలో భవిష్యత్తు లేదని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. కాకపోతే ఆ అలవాటు లేని ఒక న్యూస్ ఎడిటర్‌కి తన బదిలీ సంగతి, తన కుర్చీలో వేరే మనిషిని చూశాక తెలిసింది.

సీనియర్ సబ్ ఎడిటర్ గుడిపూడి మార్కండేయులు ఆ కథ మరిచిపోలేదు. అందుకే తాను సిగరెట్టు మానేసినప్పుడు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఆయన మానేసింది డాక్టరు చెప్పాడని కాదు, చావుకి భయపడీ కాదు. దిండు కోసం. ఆయన భార్య భ్రమరాంబకు చాలాకాలంగా ఆయాసం. భర్త ఒంటికి పట్టిన పొగ వాసనకి ఆవిడకి ఊపిరి అందేది కాదు. పెళ్ళయిన కొన్నేళ్ళకే తన దిండు తీసుకుని హాల్లో దివాన్ కాట్ మీదికి మకాం మార్చింది. గొడవ పడలేదు, అలగలేదు. దిండు అక్కడే ఉండిపోయింది, ఏళ్ళు గడిచిపోయాయి. ఒక చలికాలం హాల్లోంచి ఆవిడ దగ్గు వినిపిస్తే మంచినీళ్ళు ఇద్దామని ఈయన లేచాడు. లేచి నాలుగడుగులు వేసేసరికి ఈయనకే దగ్గు తెర ముంచుకొచ్చి గోడ పట్టుకు నిలబడిపోయాడు. చివరికి ఆవిడే లేచొచ్చి ఈయనకు నీళ్ళిచ్చింది. ఆ గ్లాసు పట్టుకున్నప్పుడు మార్కండేయులుకి కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

మర్నాటి నుంచి ముట్టలేదు. భ్రమరాంబ వెంటనే నమ్మలేదు. రోజూ ఉతకబోయే ముందు ఆయన చొక్కా ముక్కుకి ఆనించి చూసుకునేది. చూసి చూసి, ఒక రోజు పొద్దున ఏమీ అనకుండా దిండు తెచ్చి గదిలో మంచం మీద ఆయన దిండు పక్కన పెట్టింది. మాట్లాడితే మళ్ళీ ఎక్కడ వెళ్ళిపోతుందోనని ఆయన కూడా ఏమీ అనలేదు.

డాబా సంగతి వేరు. అక్కడికి వెళ్ళకపోతే ఉద్యోగానికి ఎసరు. అందుకని ఒక సిగరెట్టు రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని, అంటించకుండా, మీటింగు అయ్యేదాకా అందరితోపాటు నిలబడేవాడు. నోటి దాకా తీసుకెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ చెయ్యి దించేవాడు. అదే సిగరెట్టు కాగితం మాసిపోయి పొగాకు రాలేదాకా వాడి, తరవాత ఇంకొకటి మార్చేవాడు. ‘జిల్లాలో చీమ చిటుక్కుమన్నా మా కళ్ళు కప్పలేదు’ అని రోజూ పేరు కిందే అచ్చువేసుకునే పత్రిక అది. దాని ముఖ్య విలేకరులంతా ఆయనకి మూరెడు దూరంలో నిలబడి, ఏడాది గడిచినా ఆ సిగరెట్టుకి నిప్పు లేదని గమనించలేదు.

ఇలా ఉండగా హైదరాబాదు నుంచి సాత్విక్ అనే కొత్త అధికారి దిగాడు. ఆయన హోదా పేరు ‘పాఠక ప్రవర్తనా పరివర్తన విభాగాధిపతి’. బోర్డు తలుపుకి పట్టక గోడ మీద కూడా కొంత రాయించారు. ఈ-సిగరెట్ల మీద నిషేధం రాకముందు రోజులవి. ఆ గొట్టాలు అమ్మే సంస్థ ఒకటి పత్రికకు ఆరోగ్య అవగాహనలో సహకరించడానికి ముందుకొచ్చిందనీ, ఆ సహకారం ఫుల్ పేజీ ప్రకటనల రూపంలో ఉంటుందనీ మొదటి సమావేశంలోనే సాత్విక్ ప్రకటించాడు.

“పొగ అనేది నిన్నటి నెరేటివ్ సార్. ఆవిరి రేపటి నెరేటివ్. ఈ రెంటి మధ్యా మన పత్రిక ఒక విశ్వసనీయ వారధిగా పొజిషన్ అవ్వాలి” అన్నాడు.

అందరూ వారధి అని రాసుకున్నారు.

పథకం ఏమిటంటే, ఒక మొండి పొగరాయుణ్ణి పట్టుకుని, సిగరెట్టు మాన్పించి, ఆవిరి గొట్టం అలవాటు చేసి, ఆ ప్రయాణాన్ని రోజుకో భాగంగా ఆరోగ్య పేజీలో వెయ్యాలి. బయటివాడెవడో ఎందుకు, మన ఇంటి మనిషే ఉన్నాడుగా అని సంపాదకులు మార్కండేయులు వంక చూశారు. ఎప్పుడు చూసినా వేళ్ళ మధ్య సిగరెట్టుతో కనిపించే మనిషి. పైగా పేరు మార్కండేయులు. శీర్షికకి అంతకన్నా ఏం కావాలి?

మార్కండేయులు ఇక దాచి లాభం లేదనుకుని లేచి నిలబడి, తాను మానేసి ఏడాది దాటిందని చెప్పేశాడు.

బిస్కెట్టు కొరుకుతున్నవాళ్ళు ఆపారు.

“మానేశావా? ఎవర్నడిగి?” అన్నారు విశ్వంభరరావు గారు.

సాత్విక్ మాత్రం ఓర్పుగా, రోగిని అడిగినట్టు అడిగాడు. “సిగరెట్టు వదిలి మీరు దేనికి మారారండీ?”

“దేనికీ మారలేదండీ. మానేశానంతే.”

“అంటే ప్రస్తుతం ఏ ప్రత్యామ్నాయమూ లేకుండా ఉన్నారు.”

“అవునండీ.”

సాత్విక్ ఆయన వంక జాలిగా చూశాడు. ఇలాంటివాళ్ళు సమాజంలో ఇంకా ఎందరున్నారోనని బాధపడి, మానేయడమన్నది ఒక ఎంపిక కాదనీ, ఎంపికల లేమి అనీ, దానికి రంగూ ఫ్లేవరూ చార్జరూ ఏవీ ఉండవు గనక పాఠకుడు దానితో కనెక్టు కాలేడనీ వివరించాడు.

సంపాదకులు ఆ మాటనే తెలుగులో చెప్పారు. “మానేసినవాడు వార్త కాదయ్యా. మారినవాడు వార్త. ఫలానా వాడు మానేశాడు అని రాస్తే ఒక్క లైనుతో సరి. మిగతా పేజీ ఏం చేస్తాం? నీ ఫొటో పక్కన ఏ ప్రకటన వేస్తాం?”

పోనీ ఇంకా తాగుతున్నట్టే రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదన్నాడు మార్కండేయులు. ఆ మాటకి విశ్వంభరరావు గారి ముఖం కందగడ్డ అయింది. తొలికూత పుట్టిన దగ్గర్నుంచి తెలిసి తెలిసి అబద్ధం రాయలేదని, పత్రికా విలువల విషయంలో రాజీ పడే ప్రసక్తే లేదని, కాబట్టి మార్కండేయులు వెంటనే మళ్ళీ పొగ తాగడం మొదలుపెట్టాలని ఆదేశించారు. సాయంత్రానికి మెమో వచ్చింది. ‘ప్రాథమిక స్థితి పునరుద్ధరణ’ అని దాని శీర్షిక. సదరు ఉద్యోగి వారం రోజుల్లోగా తన పూర్వపు దురలవాటును సంతృప్తికర స్థాయికి తెచ్చుకుని విభాగాధిపతికి రిపోర్టు చేయవలెను అని ఉంది. చేయనిచో ఇచ్ఛాపురం బ్యూరోకి బదిలీ.

మార్కండేయులు మెమో పట్టుకుని సంపాదకుల గదికి వెళ్ళి, ఇచ్ఛాపురంలో మనకి బ్యూరో లేదు కదండీ అన్నాడు.

“నువ్వెళ్ళాక ఉంటుంది” అన్నారు ఆయన.

రిటైరవడానికి ఇంకా రెండేళ్ళయినా లేని మనిషి, ఆయాసపు భార్యని వెంటబెట్టుకుని ఇచ్ఛాపురం పోలేడు, గుంటూరులో వదిలి పోలేడు. సిగరెట్టు అంటించాడా, దిండు పోతుంది. వారమంతా ఆలోచించి, చివరికి చేసిందేమిటంటే, ఇంతకాలం చేసిందే చేశాడు. అంటించని సిగరెట్టు వేళ్ళ మధ్య పెట్టుకుని డాబా మీద నిలబడ్డాడు. సాత్విక్ పైకొచ్చి, ఆ చేతిని కొంచెం సేపు పరిశీలించి, పునరుద్ధరణ సంతృప్తికరం అని రాసుకుని దిగిపోయాడు. సాత్విక్‌కి ఏ అలవాటూ లేదు. పొగ పడదు, ఆవిరీ పడదు. అవి పాఠకుల కోసం.

తరవాత ఫొటోలు. ‘మునుపు’ ఫొటోకి మార్కండేయులు చేత మాసిన గళ్ళ చొక్కా తొడిగించి, జుట్టు చెరిపి, పాత ఫైళ్ళ గదిలో గోడకి చేరేశారు. పొగ కనపడాలి. సిగరెట్టు అంటించమంటే ఈయన అగ్గిపెట్టె లేదంటాడు, గొంతు బాగాలేదంటాడు. విసిగిపోయిన ఫొటోగ్రాఫరు సెక్యూరిటీ గదిలో వినాయకుడి ముందున్న అగరొత్తి ఒకటి తెచ్చి ఆయన అరచేతి చాటున వేళ్ళ మధ్య ఇరికించాడు. పొగ దివ్యంగా వచ్చింది. ‘తరవాత’ ఫొటో అరగంటలో తీశారు. తెల్ల చొక్కా, తల దువ్వి, పక్కన క్రోటన్ మొక్క, చేతిలో వెండిరంగు గొట్టం, ముఖం మీద లైటు. ఆ సాయంత్రం భ్రమరాంబ చొక్కా వాసన చూసి గుడికెళ్ళొచ్చారా అని అడిగింది. ఆయన ఔనన్నట్టు తలూపాడు.

‘పొగ నుంచి ఆవిరికి: ఒక మార్కండేయుడి ప్రయాణం’ మొదలైంది. రాసేది సాత్విక్. డెస్కులో అక్షరదోషాలు దిద్దేది మాత్రం మార్కండేయులే. తన జీవితంలో ఇవాళ ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆయన రోజూ మధ్యాహ్నం ఆ కాపీ కోసం ఎదురుచూసేవాడు. ఐదో భాగంలో మెట్లు చకచకా ఎక్కాడు. ఎనిమిదో భాగంలో గోంగూర పచ్చడి అసలు రుచి తెలిసి కంట తడి పెట్టాడు. గొట్టానికి వాసన ఉండదనీ, ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదనీ ప్రతి భాగం చివరా చుట్టూ నల్ల గీతలు గీసి వేసేవారు.

పాఠకుల స్పందన ఊహించని దారి పట్టింది. తెనాలి నుంచి ఒకాయన రాశాడు. అయ్యా, నాకు పొగ అలవాటు లేదు, కానీ మార్కండేయులు గారికి కలిగిన ఆరోగ్య లాభాలు నాకూ కావాలి, దయచేసి మార్గం చెప్పగలరు. ఈ ఉత్తరం మీద విభాగంలో చాలాసేపు చర్చ జరిగింది. ‘సందేహాలు-సమాధానాలు’లో సాత్విక్ జవాబు ఇలా వచ్చింది: “ఆవిరి వల్ల కలిగే తులనాత్మక ప్రయోజనం సహజంగా పొగతాగేవారికే పరిమితం. పొగతాగని వారు ఈ ప్రయోజనాన్ని కోల్పోతున్నారన్నది చేదు వాస్తవం. వారిని కూడా ప్రయోజన పరిధిలోకి తీసుకువచ్చే అవకాశాలను పరిశీలిస్తున్నాం.”

పరిశీలన ఫలితం లక్ష్మీపురం ఫంక్షన్ హాల్లో ఏర్పాటు చేసిన మహా అవగాహన శిబిరం. వచ్చినవాళ్ళకి గొట్టం ఉచితం. గేటు దగ్గర బల్ల వేసి అర్హత చూసేవారు. పొగ తాగుతారా అని అడిగి, అవునంటే పచ్చ టోకెను ఇచ్చి లోపలికి పంపేవారు. కాదంటే అనర్హులు అనేవారు. వరసలో పూర్ణానందం గారని రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన ఉన్నాడు. జన్మలో సిగరెట్టు ముట్టని మనిషి. పిల్లల్ని పొగ తాగినందుకు బెత్తంతో కొట్టిన మనిషి. మెట్లెక్కడానికి ఆయాసంగా ఉంటోంది, పేపర్లో చూసి వచ్చానన్నాడు. బల్ల దగ్గర కుర్రాడి బదులు సాత్విక్ స్వయంగా లేచి, ఎంతో మర్యాదగా సమాధానం చెప్పాడు.

“మీకు మారడానికి ఏమీ లేదండీ. ముందు అర్హత సంపాదించుకుని రండి. ఎదురుగా బడ్డీ కొట్టుంది.”

పూర్ణానందం గారు క్రమశిక్షణ గల మనిషి. ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా సర్క్యులర్లను పాటించినవాడు. రోడ్డు దాటి వెళ్ళి, అలాంటి మరి కొందరు పెద్దమనుషుల వెనక వరసలో నిలబడి, సిగరెట్టు కొనుక్కుని, ఏ కొస అంటించాలో పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళతో తిరిగొచ్చి పచ్చ టోకెను పుచ్చుకున్నాడు. బడ్డీ కొట్టువాడు మధ్యాహ్నానికి సరుకు అయిపోయి నరసరావుపేట రోడ్డుకి మనిషిని పంపాడు. ఇదంతా మార్కండేయులు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ ముసలాయన తన పేరు చదివి వచ్చాడు.

సాయంత్రం ఆయన్ని వేదిక ఎక్కించారు. వెయ్యిమంది ముందు గొట్టం పీల్చి ఆవిరి వదలాలి. ఆ క్షణంలో ఆయనకి దిండు తప్ప మరేమీ గుర్తు రాలేదు. గొట్టం నోటి దగ్గరికి తెచ్చి కళ్ళు మూసుకున్నాడు. అదృష్టం, సాత్విక్ అదే ఊపులో ఫంక్షన్ హాలు వాళ్ళ పొగమంచు యంత్రం ఆన్ చేయించాడు, పెళ్ళికూతురు నడిచొచ్చేటప్పుడు పెళ్ళిళ్ళలో వదిలేది. వేదిక మొత్తం తెల్లగా కమ్ముకుంది. మార్కండేయులు కనపడలేదు, సంపాదకులు కనపడలేదు, ముందు నాలుగు వరసలూ కనపడలేదు. అందరూ దగ్గుతూ చప్పట్లు కొట్టారు. మంచు విడేసరికి ఆయన గొట్టం జేబులో పెట్టేసుకుని నిలబడి ఉన్నాడు.

పీల్చలేదు. అయినా మర్నాడు పీల్చినట్టు నాలుగు కాలమ్‌ల వార్త వచ్చింది.

అదే రోజు ఆరోగ్య పేజీలో పన్నెండో భాగం వేశారు. ఆవిరికి మారాక మార్కండేయులు ఇంట్లో ఆలుమగల మధ్య అన్యోన్యత ఎంత పెరిగిందో అందులో వివరంగా ఉంది. బ్రాడీపేటలో వాళ్ళింటి కింద వాటాలో ఉండే కనకవల్లి గారు ఆ పేపరు పట్టుకుని పైకొచ్చి భ్రమరాంబకి అభినందనలు చెప్పి వెళ్ళింది. భర్త పనిచేసే పేపరు భ్రమరాంబ ఎప్పుడూ చదవదు. ఇంట్లో మనిషే ఉండగా పేపరెందుకన్నది ఆవిడ లెక్క. ఆ రోజు చదివింది. సాయంత్రం మార్కండేయులు ఇంటికొచ్చేసరికి దిండు హాల్లో దివాన్ కాట్ మీద ఉంది.

ఆయన గుమ్మంలోనే నిలబడి, తాను ముట్టలేదని, ఫొటోలో ఉన్నది అగరొత్తి అని, వేదిక మీద వచ్చింది పెళ్ళి పొగ అని, జరిగినదంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ విన్నది. కావాలంటే చొక్కా వాసన చూడమన్నాడు.

“వాసన రాదని మీరే రాశారుగా” అంది భ్రమరాంబ.

“అది నేను రాసింది కాదు. అంతా అబద్ధం.”

“పేపర్లో పడిందంటే నిజమేనని నాకు చెప్పింది ఎవరండీ? పెళ్ళయిన కాణ్ణుంచి చెబుతున్నారు. మా నాన్న రేడియోలో చెప్పింది నిజమంటే, పేపర్లో రాలేదుగా అని ఆయన నోరు మూయించారు. ఇప్పుడు నేను మిమ్మల్ని నమ్మేదా, మీ పేపర్ని నమ్మేదా?”

ఆవిడ కోపంగా అనలేదు. నీరసంగా అంది. నోటిమాట ఇక చెల్లదనీ, దిండు వెనక్కి రావాలంటే తాను మానేసిన సంగతి తొలికూతలో అచ్చులో పడాల్సిందేననీ మార్కండేయులుకి అర్థమైంది.

తొలికూతలో రెండో పేజీ అట్టడుగున అగ్గిపెట్టంత జాగాలో ‘సవరణ’ అని ఒక శీర్షిక ఉంది. ఎన్నో ఏళ్ళుగా దాన్ని చూసేది మార్కండేయులే. వెంకటరమణయ్య బదులు రమణారెడ్డి అని పడినా, బతికున్నవాడి ఫొటో వర్ధంతి ప్రకటనలో పడినా అక్కడ దిద్దేవారు. ప్రతి సవరణా ‘చింతిస్తున్నాం’ అన్న మాటతో ముగియాలన్నది పత్రిక నియమం. ఆయన ఒక చిన్న సవరణ రాసుకుని సంపాదకుల దగ్గరికి వెళ్ళాడు.

విశ్వంభరరావు గారు చదివి పక్కన పెట్టారు. పేరు తప్పు పడితే సవరణ, వయసు తప్పు పడితే సవరణ, విషయమే తప్పయితే దానికి సవరణ అనరు, విధానం అంటారు, విధానాన్ని సవరించే అధికారం మనకి లేదన్నారు. పైగా ప్రకటనలు ఇంకా నెల రోజులున్నాయన్నారు.

ఆ నెల పూర్తికాకుండానే ప్రభుత్వం ఈ-సిగరెట్లను నిషేధించింది. ఆ మధ్యాహ్నమే అత్యవసర సమావేశం పెట్టారు. సాత్విక్ ముఖంలో తొణుకూ బెణుకూ లేదు.

“నెరేటివ్‌ని రీ-అలైన్ చేద్దాం సార్. నిన్నటిదాకా మనం ప్రజలకి ప్రత్యామ్నాయం చూపించాం. ఇవాళ్టి నుంచి ఆ ప్రత్యామ్నాయం ఎంత ప్రమాదమో చూపించి ప్రజల్ని కాపాడతాం. రెండూ ప్రజాసేవే. మనిషి కూడా రెడీగా ఉన్నాడు.”

అందరూ మళ్ళీ మార్కండేయులు వంక చూశారు. కొత్త ఫొటోలకి వ్యవధి లేదు. అక్కర్లేదు కూడా, ఉన్నవే రెండూ తారుమారు చేశారు. తెల్ల చొక్కా, క్రోటన్ మొక్క ఫొటోకి ‘మునుపు’ అని రాశారు. గళ్ళ చొక్కా, అగరొత్తి ఫొటోకి ‘తరవాత’ అని రాశారు. పైన అడ్డంగా ‘ఆవిరికి ఆహుతి’ అని శీర్షిక. కళకళలాడే మనిషి నెల తిరక్కుండా ఎలా చిక్కి శల్యమయ్యాడో రాశారు. గోంగూర రుచి మళ్ళీ పోయింది. మెట్ల దగ్గర ఆగిపోయాడు. ఆ కాపీలో ‘శల్యం’ అన్న మాట తప్పు పడితే మార్కండేయులే దిద్దాడు.

మర్నాడు పొద్దుటి నుంచి వాళ్ళింటికి పరామర్శల వాన. శీర్షిక మటుకే చదివినవాళ్ళు మనిషి పోయాడనుకుని, గుమ్మంలో చెప్పులు విడిచి, గంభీరంగా లోపలికొచ్చి, ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్న ఆయన్ని చూసి తడబడ్డారు. పూర్ణానందం మాస్టారు కూడా కర్ర ఊతతో వచ్చాడు. ఆయన మార్కండేయులు చెయ్యి పట్టుకుని, నేను గొట్టం పారేశాను గానీ ఆ సిగరెట్టు వదలడం లేదు నాయనా, దాన్నుంచి దేనికి మారమంటారు అని అడిగాడు. మార్కండేయులు ఆ చేతిని వదల్లేక వదిలాడు. మాస్టారూ, దేనికీ మారొద్దండీ, మానెయ్యండి, కష్టంగానే ఉంటుంది గానీ మానెయ్యండి అన్నాడు. అలాంటిది పేపర్లో ఎక్కడా రాలేదే అని పెద్దాయన అనుమానంగా చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి భ్రమరాంబ ఇదంతా విన్నది.

ఆ సాయంత్రం పత్రిక న్యాయ సలహాదారు పరుగున వచ్చాడు. నిషేధించిన వస్తువుని మీరు శిబిరం పెట్టి పంచారు, పంచినట్టు మీరే ఫొటోలతో సహా వేశారు, ఇప్పుడు దానివల్ల మనిషి పాడైపోయాడని కూడా మీరే వేశారు, ఇక మీ మీద కేసు పెట్టేవాడికి పేపరు కొనుక్కోవడం తప్ప వేరే శ్రమ లేదన్నాడు. ఏసీ గదిలో అందరికీ చెమట పట్టింది. ఆయన మార్కండేయులుని పిలిపించి, భగవంతుడి సాక్షిగా చెప్పండి, మీరు ఆ గొట్టం వాడారా అని అడిగాడు.

“ఒక్కసారి కూడా వాడలేదండీ. సిగరెట్టు మానేసి ఏడాది పైన అయింది. ఆ మాట ఇదే గదిలో చెప్పాను.”

“డాబా మీద రోజూ నా పక్కనే తాగావుగా” అన్నారు విశ్వంభరరావు గారు.

“పట్టుకున్నానండీ. అంటించలేదు.”

సంపాదకులు చాలాసేపు ఆయన వేళ్ళ వంక చూశారు. న్యాయ సలహాదారు మాత్రం ఆనందం పట్టలేకపోయాడు. అబద్ధం ఆడాల్సి వస్తుందేమోనని భయపడ్డాను, నిజం కూడా మనకే కలిసొచ్చింది అన్నాడు. వెంటనే సవరణ వెయ్యమన్నాడు. వాడలేదు అని ఊరుకుంటే మరి ఏం తాగుతున్నాడని అడుగుతారు గనక, మానేశాడన్న ముక్క కూడా తప్పకుండా ఉండాలన్నాడు. ఈయన మనకి ముఖ్య సాక్షి, ఇచ్ఛాపురం మాట ఎత్తవద్దని కూడా హెచ్చరించాడు.

ఆ కాసేపటికే డాబా మీద ఇంకో నిర్ణయం జరిగింది. ఇచ్ఛాపురంలో బ్యూరో తెరుస్తున్నారు. దానికి అధిపతిగా సాత్విక్‌ని వేశారు. ఆయన పొగ తాగడు గనక ఆ సంగతి ఆయనకి నాలుగు రోజుల తరవాత తెలిసింది.

మార్కండేయులు డెస్కులో కూర్చుని జీవితంలో మొదటిసారి తన గురించి తానే ఒక వార్త రాశాడు. రాసి, చివరి మాట దగ్గర ఆగి, సంపాదకులకి ఫోన్ చేశాడు. చింతిస్తున్నాం అన్నది ఈ ఒక్కసారికి తీసేయవచ్చా అని అడిగాడు. నియమం నియమమేనయ్యా అని ఆయన ఫోన్ పెట్టేశారు.

పొద్దున్నే ఆయన పేపరు రెండో పేజీ కింది భాగం పైకి వచ్చేలా మడిచి భ్రమరాంబ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది.

‘సవరణ: మా పత్రిక ఉద్యోగి శ్రీ గుడిపూడి మార్కండేయులు ఈ-సిగరెట్టు వాడినట్టు పొరపాటున ప్రచురితమైంది. ఆయన దాన్ని ఏనాడూ వాడలేదు. అంతకు చాలా ముందే ఆయన పొగ తాగడం మానేశారు. చింతిస్తున్నాం.’

ఆవిడ చదివింది. పేపరు కొంచెం దూరం పెట్టుకుని మళ్ళీ చదివింది. పై మడతలో ఉన్న తొలికూత పేరూ, తేదీ కూడా చూసుకుంది.

“మానేసినందుకు మీవాళ్ళు ఎందుకు చింతిస్తున్నారండీ?” అని అడిగింది.

“అది రూలు. నిజం వేసినప్పుడల్లా చింతించాలి.”

భ్రమరాంబ కాఫీ పూర్తి చేసింది. కళ్ళజోడు తీసి పెట్టి, హాల్లోకి వెళ్ళి, దివాన్ కాట్ మీద దిండు తీసి రెండు చేతులా దులిపి, గదిలోకి నడిచింది. పొద్దున ఏడింటికి ఎవరూ పడుకోరు. అయినా ఆవిడ దిండుని ఆయన దిండు పక్కన పెట్టి, సర్ది, మంచం మీద కాసేపు కూర్చుంది. ఆయన గుమ్మం దాకా వచ్చి, ఈసారి మాట్లాడాడు.

“మళ్ళీ తీసుకెళ్ళకు భ్రమరా.”

“మళ్ళీ పేపర్లో పడకండి” అంది ఆవిడ.